పునాదికి ముందే ప్లీడరు

*స్థలం చూసిన రోజే ఆర్కిటెక్టును పిలుస్తారు. ముగ్గు పోసే ముందు సిద్ధాంతిని అడుగుతారు. లాయరు మాత్రం నోటీసు వచ్చాకే గుర్తొస్తాడు. కట్టుబడి వ్యాపారంలో ఏడాది పొడవునా వెంట ఉండే లాయరు ఎందుకు అవసరమవుతున్నాడు? అతను ఏం చేయాలి, ఏం చేయకూడదు?*

తెల్లవారుజాము అయిదున్నర. హైదరాబాద్ శివార్లలో, బాచుపల్లి దాటాక లోపలి రోడ్డులో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేస్తోంది. ఆ రోజు మూడో శ్లాబు. సెంట్రింగ్ మేస్త్రీ రాత్రే జాకీలన్నీ తట్టి చూసుకున్నాడు. కడ్డీల కింద కవర్ బ్లాకులు సర్దడం, కరెంటు పైపులు పరవడం అయిపోయాయి. మొదటి మిక్సర్ లారీ డ్రమ్ము తిప్పుకుంటూ గేట్లోకి వచ్చింది. వెనక రోడ్డు మీద మరో రెండు వరసలో ఉన్నాయి. పంపు మనిషి పైపులు బిగిస్తుండగా బయట ఒక కారు ఆగింది. అరవై ఏళ్లావిడ దిగింది. వెంట కొడుకు, నల్లకోటు చేతి మీద వేసుకున్న ఒక కుర్ర లాయరు.

ఆవిడెవరో బిల్డరుకు తెలుసు. స్థలాన్ని డెవలప్‌మెంట్‌కు ఇచ్చిన అన్నదమ్ములకు చెల్లెలు. భూమిపూజ నాడు వచ్చి భోంచేసి వెళ్లిన మనిషే.

"రండమ్మా, ఇంత పొద్దున్నే వచ్చారు?"

"ఏం చెయ్యను బాబూ. అది మా నాన్న పొలం. అన్నయ్యలిద్దరూ సంతకాలు పెట్టారు గానీ, నన్నెవరూ అడగలేదు."

కొడుకు కాగితం చేతికిచ్చాడు. కోర్టు ఉత్తర్వు. విచారణ అయ్యేదాకా స్థలాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఉంచాలని అందులో ఉంది.

ప్లాంటులో నీళ్లు కలిపాక కాంక్రీటును రెండు గంటల్లోపు పోసెయ్యాలి. బిల్డరు ఫోన్లు మొదలుపెట్టాడు. అగ్రిమెంటు రాసిన డాక్యుమెంట్ రైటర్ ఇంకా లేవలేదు. బ్యాంకు కోసం లీగల్ ఒపీనియన్ ఇచ్చిన వకీలు ఊళ్లో లేడు, ఆ ఫైలూ గుర్తు లేదన్నాడు. బావమరిది లాయరే గానీ విజయవాడలో క్రిమినల్ కేసులు చూస్తాడు, "కంగారు పడకు బావా, కాగితం వాట్సాప్ చెయ్యి" అన్నాడు. స్థలం ఇచ్చిన అన్నదమ్ములు ఫోన్ ఎత్తలేదు. ఎనిమిది కొట్టేసరికి మూడు లారీలూ వెనక్కి మళ్లాయి.

వివరాలు మారతాయేమో గానీ, ఈ ఉదయం చాలామంది బిల్డర్లకు పరిచయమే. ఆ సోదరి కోరింది గొంతెమ్మ కోరికేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు పూర్వీకుల ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర సవరణ పెళ్లయినవారికీ ఆ హక్కు చేర్చింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేదా అన్న వివాదాన్ని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది, ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని చెప్పింది. అగ్రిమెంటు రాసే రోజున బిల్డరు పక్కన కూర్చుని "మీకు అక్కచెల్లెళ్లు ఎందరండీ?" అని అడిగే మనిషి ఒక్కడుంటే సరిపోయేది. ఏడాది పొడవునా లాయరును పెట్టుకోవడమంటే ముందుగా ఈ ప్రశ్నలు అడిగే మనిషిని పెట్టుకోవడమే.

ఇప్పుడే ఈ మాట ఎందుకు?

ఒకప్పుడు బిల్డరుకు రెండు ఆఫీసులతోనే పని, మున్సిపాలిటీ, సబ్ రిజిస్ట్రారు. ఈ పదేళ్లలో లెక్క మారిపోయింది. 2016లో స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్నా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు. చేసుకోకపోతే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా. 2024 జూలైలో హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక చెరువు ఎఫ్‌టీఎల్ (నిండుగా ఉన్నప్పటి నీటిమట్టం), బఫర్ అన్న మాటలు టీ కొట్టు దాకా వచ్చాయి. పది హెక్టార్లు, అంతకుమించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్ల బఫర్ ఉండాలన్న నియమం 2012 నాటి భవన నిబంధనల్లోనే ఉంది. జేసీబీ వచ్చాకే అందరూ చదివారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ భూరికార్డుల్లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అదే ఏడాది నవంబరు 21న 29 కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి.

కూల్చివేతల గురించి ఒక అపోహ బాగా తిరుగుతోంది. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు 15 రోజుల నోటీసు లేనిదే ఏ కట్టడాన్నీ కూల్చకూడదని చెప్పిన మాట నిజం. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, నది, చెరువు వంటి చోట్ల ఆక్రమణలకు ఆ రక్షణ వర్తించదని అదే తీర్పులో ఉంది. తీర్పు సగమే విని ధైర్యం తెచ్చుకున్న బిల్డరుకు, అతని దగ్గర ఫ్లాటు కొన్న కుటుంబానికి, మిగతా సగం చదివి చెప్పేవాళ్లు కావాలి.

---

బాక్స్: జీతగాడు వేరు, రిటైనర్ వేరు

*నెలజీతం మీద పూర్తికాల ఉద్యోగిగా చేరిన వ్యక్తి అడ్వొకేటుగా ప్రాక్టీసు చేయకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 49వది ఈ మాట చెబుతుంది. అందుకే కంపెనీలో ఉండే లీగల్ మేనేజరు కోర్టులో వకాల్తా వేయలేరు. రిటైనర్ మీద ఉన్న అడ్వొకేటు స్వతంత్రుడు. నెలకో, ఏడాదికో ముందే అనుకున్న ఫీజుకు సలహా ఇస్తాడు, కావలసినప్పుడు కోర్టుకూ వస్తాడు.*

*లాయరుతో చెప్పుకున్న రహస్యాలకు సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. కంపెనీ ఉద్యోగులైన ఇన్‌హౌస్ లాయర్లకు ఈ సెక్షన్ వర్తించదని 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు తేల్చింది. నేరం చేయడం కోసం అడిగిన సలహాకు ఎవరి దగ్గరా రక్షణ లేదు.*

---

సంతకానికి ముందు

తెలుగు నగరాల్లో అపార్ట్‌మెంట్లు ఎక్కువగా లేచేది డెవలప్‌మెంట్ అగ్రిమెంటు కమ్ జీపీఏ మీదే. స్థలం ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది, ఫ్లాట్లలో సగం సగమో, అరవై నలభయ్యో. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో జీపీఏ అమ్మకాలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు బిల్డర్లు బెదిరిపోయారు. నిజమైన డెవలప్‌మెంట్ ఒప్పందాల జోలికి తాము వెళ్లడం లేదని ఆ తీర్పే స్పష్టం చేసింది. చిక్కు మరోచోట ఉంది. మామూలు జీపీఏ ఇచ్చిన మనిషి కన్నుమూస్తే దాంతోపాటే పోతుంది. బిల్డరుకు ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఏర్పడేలా కాగితం రాస్తే, కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ ప్రకారం స్థల యజమాని పోయినా నిలుస్తుంది. మూడేళ్ల ప్రాజెక్టు మధ్యలో పెద్దాయన పోవడం అరుదేమీ కాదు. పదకొండో రోజు కర్మకాండ దాటకముందే వారసుల మధ్య ఫ్లాట్ల పంచాయితీ మొదలవుతుంది. బిల్డరు ప్రయోజనాన్ని చెప్పే ఆ నాలుగు వాక్యాలు సరిగ్గా పడ్డాయా లేదా అన్నది డాక్యుమెంట్ రైటర్ కంప్యూటర్‌లో ఉన్న పాత నమూనా చెప్పదు.

అమెరికా సంగతి కూడా చూడాలి. అన్నదమ్ముల్లో ఒకరు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండటం మన దగ్గర మామూలే. ఆయన అక్కడ జీపీఏ రాసి పంపిస్తాడు. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. కొరియర్ కవరు బీరువాలో పెట్టి, ప్లాను అప్రూవల్ వచ్చాక తీద్దామనుకుంటే గడువు దాటిపోతుంది. మళ్లీ ఆయన సెలవు పెట్టుకుని వెళ్లి సంతకం చేయాలి. ఈలోగా అన్నదమ్ముల మధ్య మాట మారిపోతే ఇక చెప్పేదేముంది.

మన దగ్గర ఒక అలవాటుంది. "ఇద్దరికీ మన లాయరుగారే రాసేస్తారులెండి, ఖర్చు కలిసొస్తుంది" అని బిల్డరు అంటాడు, స్థలం ఇచ్చిన పెద్దమనిషి తలూపుతాడు. ఇది ఇద్దరికీ మంచిది కాదు. ఒక పక్షానికి కాగితం రాసిపెట్టిన లాయరు అదే వ్యవహారంలో రెండో పక్షం తరఫున వాదించకూడదని బార్ కౌన్సిల్ నియమం. గొడవ వచ్చిన నాడు ఆయన ఎవరి వైపూ నిలబడలేడు. స్థల యజమాని కూడా తనకంటూ ఒక వకీలును పెట్టుకోవాలి. దానికయ్యే ఖర్చు ఆ స్థలం విలువ ముందు లెక్కలోకి రాదు.

సైటాఫీసులో ఒక రిజిస్టరు

ఇక్కడ కాస్త ఆగాలి. నిర్మాణ కేసుల్లో గెలుపోటములు కోర్టు హాల్లో తేలతాయనుకుంటాం. నిజానికి వాటిని తేల్చే సాక్ష్యం సైటాఫీసులో, సిమెంటు ధూళి పట్టిన టేబుల్ మీద, రోజూ తయారవుతుంది. దానికి హిండ్రెన్స్ రిజిస్టర్ అని పేరు. పని ఏ రోజున ఎందుకు ఆగిందో అందులో రాయాలి. పద్నాలుగున వర్షం. పదిహేడు నుంచి ఇరవై రెండు దాకా ఫుటింగ్ డ్రాయింగ్ రాలేదు. ఇరవై మూడున హైటెన్షన్ లైన్ తీయలేదని క్రేన్ ఎక్కలేదు. ప్రతి పద్దు పక్కనా అవతలి ఇంజినీరు సంతకం ఉండాలి.

చాలా సైట్లలో ఈ రిజిస్టరు టెండరులో ఉంది కాబట్టి కొంటారు. మొదటి పది పేజీలు నిండుతాయి. తర్వాత ఇంజినీరు మారతాడు, రిజిస్టరు మేకుకు వేలాడుతుంది. పన్నెండు నెలల పని ఇరవై నెలలవుతుంది. ఫైనల్ బిల్లులో జాప్యానికి జరిమానా కోసేస్తారు. కాంట్రాక్టరు "మీరే కదండీ ఆరు నెలలు స్థలం అప్పగించలేదు" అంటాడు. "ఎక్కడ రాసిచ్చారు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్‌లో ప్రతి కాంట్రాక్టరూ తెలుసుకోవలసిన ఒక వాక్యముంది. అవతలివారు ఆలస్యం చేసినా మనం ఒప్పుకుని ముందుకు సాగితే, ఆ ఒప్పుకునే సమయంలోనే "దీనివల్ల కలిగే నష్టం మీ దగ్గర రాబట్టుకుంటాం" అని నోటీసు ఇచ్చి ఉండాలి. ఇవ్వకపోతే తర్వాత పరిహారం అడిగే హక్కు ఉండదు. ఒక్క ఉత్తరం చాలు. కానీ ఆ ఉత్తరం ఆ వారంలోనే వెళ్లాలి. రెండేళ్ల తర్వాత లాయరును పెట్టుకుంటే వాదించడానికి ఆయన దగ్గర సరుకుండదు. ఇప్పుడు కూర్చుని వెనక తేదీ వేసి ఉత్తరం తయారు చేయమని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ పని చేసిపెట్టే లాయరు దొరికితే అదృష్టమనుకోకూడదు, ఆయనను వెంటనే మార్చుకోవాలి.

రిటైనర్ మీద ఉన్న మంచి లాయరు నెలకోసారైనా సైటుకు వస్తాడు. హెల్మెట్ పెట్టుకుని శ్లాబు ఎక్కనక్కర్లేదు. సైటాఫీసులో కూర్చుని రిజిస్టరు తిరగేసి, ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కని అదనపు పనులేమున్నాయో సైట్ ఇంజినీరును అడుగుతాడు. "పెద్దసారు నోటితో చెప్పారండీ, చేసేశాం" అని ఇంజినీరు అంటాడు. "అయితే ఇవాళే ఒక మెయిల్ కొట్టండి, 'తమరు ఫలానా తేదీన చెప్పిన ప్రకారం' అని మొదలుపెట్టండి" అని లాయరు అక్కడికక్కడే రాయిస్తాడు. మొత్తం రిటైనర్ ఫీజుకు ఈ పది నిమిషాల పనే న్యాయం చేస్తుందని నా నమ్మకం.

ఇప్పుడు సగం ఆదేశాలు వాట్సాప్ గ్రూపులోనే నడుస్తున్నాయి. అవి సాక్ష్యమే. అయితే ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు ముందుంచాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఇంజినీరు ఉద్యోగం మానేసి ఫోను అమ్మేసుకున్నాక ఆ సర్టిఫికెట్ ఎవరిస్తారు? గ్రూపు చాట్‌ను నెలనెలా ఆఫీసు కంప్యూటర్‌లోకి ఎక్కించమని చెప్పడం కూడా లాయరు పనే.

మన కట్టుబడి వ్యాపారం మాట మీద నడిచింది. ఎన్నో ఏళ్ల పరిచయం, ఊరి సంబంధం, "మీరు చెప్పాక కాగితమెందుకండీ" అనే మర్యాద. ఆ మర్యాదను తక్కువ చేయనక్కర్లేదు. అయితే బాకీకి కాలదోషం ఉంది. పనికి డబ్బు కట్టే తేదీ ఏదీ అనుకోకపోతే, పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లు. దసరా వెళ్లాక, సంక్రాంతి వెళ్లాక, ఎలక్షన్లయ్యాక అని మొహమాటానికి ఊరుకుంటే మూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి. గడువు తీరకముందే "మీకింత ఇవ్వాల్సి ఉంది" అని అవతలివారు సంతకంతో ఒక్క ముక్క రాసిస్తే మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. స్నేహం చెడకుండా ఆ ముక్క రాయించుకోవడమూ ఒక నేర్పే. బాకీల నిర్ధారణ పత్రం పేరుతో ఏటా మార్చిలో అందరికీ పంపించే అలవాటు పెడితే ఎవరికీ కష్టం కలగదు.

---

బాక్స్: గోడ మీద రాసిపెట్టుకోవలసిన గడువులు

*చెక్కు బౌన్సు: బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు. నోటీసు అందాక 15 రోజులు చూసి, ఆపై నెలలోపు కోర్టులో ఫిర్యాదు.*

*కమర్షియల్ కోర్టు దావా: సమన్లు అందాక ఎంత ఆలస్యమైనా 120 రోజుల్లో జవాబు దాఖలు కావాలి. తర్వాత ఆ హక్కే పోతుంది.*

*ఆర్బిట్రేషన్ అవార్డును సవాలు చేయాలంటే మూడు నెలలు. తగిన కారణం చూపితే మరో 30 రోజులు, అంతే.*

*రెరా ఉత్తర్వుపై అప్పీలు: 60 రోజులు. బిల్డరు అప్పీలు చేయాలంటే కొనుగోలుదారుకు ఇవ్వవలసిన మొత్తాన్ని వడ్డీతో సహా ముందే కట్టాలి. జరిమానా అయితే కనీసం 30 శాతం.*

*కేవియట్: మన మాట వినకుండా స్టే ఇవ్వకూడదని కోర్టుకు ముందే పెట్టుకునే దరఖాస్తు. 90 రోజులు పనిచేస్తుంది, గడువు తీరితే మళ్లీ వేసుకోవాలి.*

*సూక్ష్మ, చిన్న పరిశ్రమల సరఫరాదారు బిల్లు: ఒప్పందంలో ఏమున్నా 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ.*

---

"ఆర్బిట్రేటరును మా ఎండీగారు నియమిస్తారు"

సబ్ కాంట్రాక్టు కాగితాల్లో ఈ షరతు చిన్న అక్షరాల్లో ఇప్పటికీ కనిపిస్తోంది. పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో 2019లో, తర్వాత 2024 నవంబరు 8న రాజ్యాంగ ధర్మాసనం ద్వారా, ఒక పక్షమే తన ఇష్టప్రకారం ఏకైక ఆర్బిట్రేటరును నియమించే పద్ధతిని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పాత నమూనాను కాపీ కొట్టుకుంటూ పోయిన కంపెనీ మూడేళ్లు వాదించి గెలిచి, నియామకమే చెల్లదన్న ఒక్క మాటతో మొదటికి వస్తుంది. ఒప్పందాల నమూనాలను ఏటా దుమ్ము దులిపి సరిచేయడం రిటైనర్ పనుల్లో అందరూ మర్చిపోయేది, అందరికన్నా చవకైనది.

ప్రభుత్వ పనులు చేసేవారి బాధ వేరు. రాష్ట్ర ప్రభుత్వ శాఖల ఒప్పందాల్లో పెద్ద క్లెయిములకు ఆర్బిట్రేషన్ ఉండదు, సివిల్ కోర్టే గతి. బిల్లు ఆగిపోతే అటు బ్యాంకు గ్యారంటీ గడువు ముంచుకొస్తుంది, ఇటు కంకర క్రషరువాడు ఇంటి ముందు కూర్చుంటాడు. షరతుల్లేని బ్యాంకు గ్యారంటీని శాఖ సొమ్ము చేసుకోబోతే ఆపడం మహా కష్టం. ఘోరమైన మోసమో, పూడ్చలేని అన్యాయమో చూపించగలిగితేనే కోర్టు స్టే ఇస్తుంది. గ్యారంటీ పత్రంలోని భాషను ఇచ్చే ముందే చదివించుకోవాలి. ఇచ్చాక ఏ లాయరూ చేయగలిగింది పెద్దగా ఉండదు.

తాళాలు అందుకునేవాళ్ల వైపు నుంచి

బిల్డరు లాయరు అనగానే ఫ్లాటు కొన్నవాళ్లకు భయం. ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టే ఉద్యోగి, రిటైరైన డబ్బంతా పోసిన టీచరు, వాళ్ల మీదికి నోటీసులు పంపేవాడని ఒక ముద్ర. అలాంటి లాయర్లు లేరనడం అబద్ధమవుతుంది. కానీ బిల్డరుకు నిజంగా మేలు చేసే లాయరు కొన్నవాళ్లకూ మేలు చేస్తాడు. ఎలాగంటే, వద్దు అనడం ద్వారా.

ప్రీలాంచ్ ఆఫరు పెడదామని మార్కెటింగ్ వాళ్లు తొందరపెడతారు. రెరా నంబరు రాకుండా ఒక్క రూపాయి తీసుకోవద్దని లాయరు చెప్పాలి. సేల్ అగ్రిమెంటు రాయకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. వసూలైన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, ఆ డబ్బుతో ఇంకో చోట స్థలం కొనకూడదు. మధ్యలో ప్లాను మార్చాలంటే కొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అప్పగించాక అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఇవన్నీ చట్టంలో ఉన్నవే. ఆఫీసులో కుర్చీ వేసుకుని చెప్పే మనిషి ఉంటేనే ఆచరణలోకి వస్తాయి.

ఏకపక్షపు అగ్రిమెంటు కూడా ఇకపై అక్కరకు రాదు. కొన్నవాడు ఆలస్యం చేస్తే 18 శాతం, బిల్డరు ఆలస్యం చేస్తే చదరపు అడుగుకు నామమాత్రపు అద్దె అంటూ రాసుకున్న షరతులకు కొనుగోలుదారు కట్టుబడనక్కర్లేదని 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. రెరాలోనూ, వినియోగదారుల కమిషన్‌లోనూ, ఎక్కడికైనా వెళ్లే దారి కొన్నవారికి ఉంది.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకుండానే గృహప్రవేశాలు చేయించడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. మున్సిపాలిటీకి తనఖా పెట్టిన పది శాతం విడిపించుకోలేక ఏళ్ల తరబడి వదిలేసిన భవనాలు కాలనీ కాలనీలో కనిపిస్తాయి. కట్టడం పూర్తయినట్టు సర్టిఫికెట్ చూడకుండా బ్యాంకులు రుణాలు ఇవ్వకూడదని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆదేశించింది. సెట్‌బ్యాక్‌లో అరగజం మింగిన సంగతి మేస్త్రీకి ముందే తెలుస్తుంది. లాయరుకు తెలిసేది ఆఖరున. ఈ వరస తిరగబడాలి.

ప్రమాదం జరిగిన రాత్రి

ఇంత రాసింది ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. సెంట్రింగ్ జారిపోతుంది, లిఫ్టు గుంతలో ఒక కుర్రాడు పడిపోతాడు. ఒకప్పుడు దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీలు కనిపించేవారు. ఇప్పుడు మన శ్లాబుల మీద ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ పిల్లలు. కొందరి ఊరి పేరు కూడా సైటులో ఎవరికీ సరిగ్గా తెలియదు. మార్చురీ దగ్గర లేబరు మేస్త్రీ, ఆ కుర్రాడి అన్న, ఇద్దరు పెద్దమనుషులు నిలబడి ఒక అంకె దగ్గర రాజీ చేసుకుంటారు. శవాన్ని అంబులెన్సులో ఎక్కిస్తారు. తెల్లారేసరికి సైటులో మళ్లీ పని.

ఆ రాత్రి ఫోను వచ్చిన లాయరు ఏం చెబుతాడన్నదాన్ని బట్టి ఆ లాయరు విలువ, ఆ కంపెనీ విలువ తెలిసిపోతాయి. నేరుగా చేతికిచ్చిన డబ్బు చట్టం దృష్టిలో మరణ పరిహారమే కాదు. పరిహారాన్ని కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలన్నది 1923 నాటి కార్మిక పరిహార చట్టం నుంచీ ఉన్న నియమం. తల్లికి, భార్యకు, పిల్లలకు వాటాలు ఆయన నిర్ణయించాలి. లేబరు మేస్త్రీ ద్వారా వచ్చిన కూలీ కదా అని తప్పించుకోవడానికీ లేదు. పని ఎవరిదో ఆ ప్రధాన యజమాని ముందు కట్టాలి, తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవచ్చు. ఇప్పుడా నిబంధనలు సామాజిక భద్రత కోడ్‌లోకి చేరాయి. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు, పాత చట్టంలో అది రెండేళ్లే.

లాయరు చెప్పవలసింది సూటిగా చెప్పాలి. పోలీసులకు సమాచారం ఇవ్వండి. స్థలాన్ని కదపకండి. ఆ కుటుంబానికి అంత్యక్రియల ఖర్చు ఇవ్వండి, దానికి బదులుగా ఏ తెల్లకాగితం మీదా వేలిముద్ర తీసుకోకండి. పరిహారం డిపాజిట్ చేయండి. అంతకన్నా ముందు, పని మొదలైన నాడే కార్మికుల పేర్ల రిజిస్టరు, బీమా, నిర్మాణ సెస్సు, సంక్షేమ బోర్డులో నమోదు ఉన్నాయో లేదో చూసుకోమని మెడమీద కూర్చుని మరీ చెప్పి ఉండాలి. నమోదైన కూలీ కుటుంబానికి బోర్డు నుంచీ సాయం అందుతుంది. నమోదు కాని కుర్రాడి తల్లికి ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఫీజు మాట, ఒప్పందం మాట

రిటైనర్ అంటే నెలకో మొత్తం ఇచ్చేసి కోర్టు పనులన్నీ అందులోనే జరిగిపోతాయనుకుంటే మనస్పర్థలు తప్పవు. ఒప్పంద పత్రాలు చదవడం, నోటీసులకు జవాబులు, నెలకోసారి సైటుకు రావడం, రెరా గడువులు గుర్తుచేయడం, అత్యవసరంలో ఫోను, ఇవి లోపల. దావాలు, ఆర్బిట్రేషన్, హైకోర్టు రిట్లు, సీనియర్ కౌన్సెల్ ఫీజు, కోర్టు ఫీజు బయట. ఈ గీత మొదటి రోజే గీసుకోవాలి. ఎన్ని గంటల్లో జవాబివ్వాలి, కంపెనీ నుంచి ఎవరెవరు లాయరుకు నేరుగా ఫోను చేయవచ్చు అన్నదీ రాసుకోవాలి. సైట్ ఇంజినీరుకు ఆ హక్కు తప్పనిసరిగా ఉండాలి. యజమానికి తెలిసేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

గెలిస్తే ఇంత శాతం అని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. కేసు ఫలితం మీద ఆధారపడిన ఫీజు, వచ్చిన సొమ్ములో వాటా, రెండూ బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. లాయరు ఫీజు మీద జీఎస్టీని కంపెనీయే రివర్స్ చార్జ్ కింద కట్టాలి, 10 శాతం టీడీఎస్ కోయాలి. లాయరు సేవ బాగాలేదని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం ఇక కుదరదు, 2024 మే 14న సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. దుష్ప్రవర్తన అయితే బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అందుకే ఎంచుకునేటప్పుడే నిదానంగా చూడాలి. హైకోర్టులో పేరున్నవారా, బంధువా అన్నవి తర్వాతి సంగతులు. ఎం-బుక్ చేతికిస్తే చదవగలరా, ఆర్‌ఏ (రన్నింగ్) బిల్లులో రిటెన్షన్ సొమ్ము ఎక్కడ కోశారో చెప్పగలరా అని చూడండి. భూమి హక్కుల లాయరు ఒకరు, కాంట్రాక్టుల లాయరు మరొకరు అయినా తప్పు లేదు.

ఏడాదికి ఒకటి రెండు ఇళ్లు కట్టే చిన్న మేస్త్రీ కాంట్రాక్టరు ఇదంతా చదివి నిట్టూరుస్తాడు. ఆయనకు నెలనెలా ఫీజు భారమే. ప్రతి పనికీ అగ్రిమెంటు ఒకటి రాయించుకోవడం, మూడు నెలలకోసారి గంటసేపు ఫైళ్లు చూపించుకోవడం లాంటి చిన్న ఏర్పాటు చేసుకోవచ్చు. నలుగురు చిన్న బిల్డర్లు కలిసి ఒకే లాయరును పెట్టుకోవడం కూడా మంచి ఆలోచనే, వాళ్లలో వాళ్లకు లావాదేవీలు లేనంతవరకు. బిల్డర్ల సంఘాలు ఏటా క్యాలెండర్లు, డైరీలు అచ్చువేస్తాయి. అందరికీ పనికొచ్చే సరైన తెలుగు అగ్రిమెంటు నమూనా ఒకటి ఆ డైరీ వెనక పేజీల్లో వేస్తే ఎంతమందికి ఉపకారం జరుగుతుందో!

ఇక లాయరుతో కుదరక విడిపోవలసి వస్తే? ఫీజు బాకీ ఉందని ఫైళ్లు ఆపుకునే హక్కు అడ్వొకేటుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే ఆర్.డి. సక్సేనా కేసులో చెప్పింది. ఫీజు కోసం ఆయన విడిగా దావా వేసుకోవచ్చు, ఫైలు మాత్రం అడిగిన వెంటనే తిరిగివ్వాలి. అయినా ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు లాయరు ఆఫీసులో వదిలిపెట్టకండి. జిరాక్సులు ఇచ్చి, ఏమేం ఇచ్చారో జాబితా రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, ఒక ప్రతి మీ బీరువాలో పెట్టుకోండి.